బిషప్పు గారి చేతికి మోకాళ్ల తైలం

నేను చేసిన వెధవ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు పొద్దుగూకుతుంది, నాకు ఓపిక చాలదు. అందుకని ఒక్కటే చెప్తాను. ముప్పై ఇద్దరు పిల్లలూ, రెండు ఊళ్ల జనమూ చూస్తుండగా, సాక్షాత్తూ బిషప్పు గారి ముందు నా పరువు నేనే తీసుకున్న సంగతి ఇది.

అప్పట్లో నేను బందరు దగ్గరి గూడూరు పక్కన అయిదు ఊళ్లకి ఉపదేశిని. ఉపదేశి అంటే ఏమిటని అడిగేవాళ్లకి చెప్తాను. ఫాదర్ గారు పదిహేను రోజులకోసారి వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించేవాడు, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పేవాడు, జబ్బుపడ్డవాళ్లని చూసొచ్చేవాడు, పెళ్లికి బెంచీలు వేసేవాడు, శవం ముందు సిలువ పట్టుకు నడిచేవాడు, గంట కొట్టేవాడు, గుడి ఊడ్చేవాడు, వీళ్లంతా కలిసి ఒకడే. వాడే ఉపదేశి. వాడికో సైకిలు. సాయంత్రమయ్యేసరికి నా మోకాళ్లు నాతో మాట్లాడటం మానేసేవి.

ఆ ఏడు మా గుడిలో పిల్లలకి భద్రమైన అభ్యంగనం పెట్టారు. అంటే బిషప్పు గారు స్వయంగా వచ్చి, కాస్త ఎదిగిన పిల్లల నుదుటిమీద పరిశుద్ధ తైలంతో సిలువ గుర్తు వేస్తారు. సుగంధం కలిపిన ఒలీవ నూనె అది. ఈస్టరు ముందు ఆయనే ఆశీర్వదించి అన్ని చోట్లకీ పంపుతారు. మా ఫాదర్ గారు ఆ తైలం బుడ్డి ముందురోజు నా చేతిలో పెట్టారు, ఊరికే పెట్టలేదు.

"ఉపదేశి గారూ, మొన్న పూజకి ద్రాక్షారసం మర్చిపోయారు. అంతకుముందు పాటల పుస్తకాలు వేరే ఊళ్లో వదిలేసి వచ్చారు. ఈసారి ఏదన్నా జరిగిందంటే బిషప్పు గారితో చెప్పి మీ స్థానంలో ఇంకొకర్ని పెట్టిస్తాను."

"జరగదండి."

"మొన్నా ఇదే అన్నారు."

ఆ పని పోతే నాకు వేరే పని రాదు. మేముంటున్న ఇల్లు కూడా గుడివాళ్లదే. మా అమ్మని తీసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఆ భయంతోనే బందరు వెళ్లి షామియానా మాట్లాడాను, కుర్చీలు దింపించాను, పిల్లల చేత జవాబులన్నీ మళ్లీ వల్లె వేయించాను. ఇంటికొచ్చి తైలం బుడ్డిని భద్రంగా అలమరలో పెట్టాను. పక్కనే అంతే బుడ్డి ఇంకోటి ఉంది. పక్కింటి వదిన గారు ఆముదంలో వెల్లుల్లి, వాము, కర్పూరం వేసి కాచిచ్చిన నొప్పుల తైలం. అమ్మకీ నాకూ ఉమ్మడి ఆస్తి.

తెల్లారి కరెంటు లేదు. నాకు నిద్ర లేదు. ఏ బుడ్డి జేబులో వేసుకున్నానో మీరు ఈపాటికే గ్రహించి ఉంటారు. నేను మాత్రం గ్రహించలేదు.

డప్పులు మోగాయి, దండలు పడ్డాయి, పూజ మొదలైంది. బిషప్పు గారు ఇరవై నిమిషాలు ప్రసంగం చేశారు. పిల్లలు వరసలో నిలబడ్డారు. ఆయన బుడ్డి మూత తీశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆగిపోయారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"ఉపదేశి గారూ, ఇందులో వెల్లుల్లి ఉందా?" చెవిలో అడిగారు.

ఆ వాసన నాకూ తగిలింది.

"ఉందండి. వాము కూడా ఉందండి."

"ఎవరికి నొప్పులు?"

"మా అమ్మకండి. నాక్కూడానండి. మోకాళ్లు."

"అసలు తైలం ఎక్కడుంది?"

"ఇంట్లోనండి. రెండు మైళ్లు."

"వెళ్లి తీసుకురండి. కంగారుపడకండి. మోకాళ్లు జాగ్రత్త."

నేను పక్క గుమ్మంలోంచి జారుకుంటుంటే మైకులో ఆయన గొంతు వినపడింది. "నేను చెప్పాల్సింది ఇంకా కొంత ఉందమ్మా. అందరూ కూర్చోండి."

కాలవ గట్టు మీద సైకిలు తొక్కాను. దారికి అడ్డంగా బాతుల మంద. వాటికేం తొందర, వాటికి బిషప్పు లేడు. అవన్నీ దాటేదాకా నిలబడి, ఇల్లు చేరేసరికి వాకిట్లోకే సుగంధం కొడుతోంది. అమ్మ మంచం మీద ఎడమ కాలు చాపుకుని హాయిగా కూర్చుంది.

"అమ్మా, అలమరలో బుడ్డి ఏదే?"

"ఇదిగోరా. ఈసారి మీ వదిన తైలం బాగా కాచింది. ఎంత కమ్మటి వాసనో. ఎడం మోకాలు పట్టు వదిలేసిందనుకో. ఇప్పుడు కుడిదానికి రాయబోతున్నా."

"రాయకు. అది బిషప్పు గారిది."

"ఆయనకీ మోకాళ్ల నొప్పులేనా, పాపం."

బుడ్డిలో మూడోవంతు మిగిలింది. తిరిగొచ్చేసరికి బిషప్పు గారు ప్రసంగంలో ఇశ్రాయేలీయుల్ని ఇంకా ఎడారిలో తిప్పుతూనే ఉన్నారు. ముందు వరసలో పెద్దలు కునికిపాట్లు పడుతున్నారు. నన్ను చూడగానే ఆయన ఇశ్రాయేలీయుల్ని ఒక్క వాక్యంలో యొర్దాను నది దాటించి ఆమెన్ అన్నారు. ముప్పై ఇద్దరికీ తైలం సరిపోయింది. ఆ చాంతాడు ప్రసంగానికి ఊరు ఆయన్నే తప్పుపట్టింది, నన్నెవరూ ఏమీ అనలేదు.

పూజయ్యాక లోపలి గదిలో ఫాదర్ గారు ఎర్రబడ్డ మొహంతో అందుకున్నారు. "చూశారా తండ్రి గారూ, ఈయనతో నేను వేగలేకపోతున్నాను. మార్చేద్దామండి."

"ఈయన చూసేది ఎన్ని ఊళ్లు?"

"అయిదండి."

"సైకిలు మీదేనా?"

"అవునండి."

"మనం కారులో వచ్చాం కదా ఫాదర్," అన్నారాయన మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "బుడ్డి సగం పైగా ఖాళీ అయింది. మిగతాది ఏమైంది?" అని అడిగారు.

ఆ గదిలో అబద్ధం ఆడలేను. అమ్మ ఎడం మోకాలి సంగతి చెప్పేశాను. పని పోయినట్టేనని నిశ్చయించుకున్నాను కూడా. బిషప్పు గారు గోడకి ఆనుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "పదండి, అమ్మగారిని చూసొద్దాం," అన్నారు.

మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నేను తుడిచేలోపే ఆయన చెప్పులు విప్పి, అమ్మ మంచం పక్కన గచ్చు మీద చతికిలబడ్డారు. అమ్మ లేవబోయింది.

"కూర్చోమ్మా. ఎడందానికి అభ్యంగనం అయిందటగా. కుడిదేం పాపం చేసింది?" అంటూ ఉత్త చేతులతోనే ఆమె కుడి మోకాలు నొక్కడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో నేను ఎంతోమంది పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషిని అదే మొదటిసారి చూడటం.

"మీ చెయ్యి మంచిది తండ్రి గారూ," అంది అమ్మ కళ్లు మూసుకుని. "అప్పుడప్పుడూ వస్తారా?"

"మీ అబ్బాయి ఇక్కడ ఉపదేశిగా ఉన్నంతకాలం ఏడాదికోసారి వస్తానమ్మా."

అమ్మ కళ్లు తెరిచి, గుమ్మంలో నిలబడ్డ ఫాదర్ గారి వైపు చూసింది. "విన్నారుగా ఫాదర్ గారూ. మావాణ్ణి మార్చారంటే నా మోకాలికి మీరే రావాలి."

ఫాదర్ గారు తల వంచుకుని తన చేతుల వైపు చూసుకున్నారు. నన్ను మార్చే మాట మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త క్రైస్తవ జనానికీ ప్రమాణపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను. పరిశుద్ధ తైలం ఉన్న ఇంట్లో ఇంకే తైలమూ ఉంచను, నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ ఉంచను. మా నొప్పుల తైలం ఇప్పుడు పక్కింటి వదిన గారి దగ్గరే ఉంటుంది. రోజూ సాయంత్రం, కుంటుకుంటూ వెళ్లి, అక్కడే రాసుకుని వస్తున్నాను.