కుడివైపు నాడి

దయ్యాలనీ ఆత్మలనీ నేనెప్పుడూ నమ్మలేదు. మత్తు డాక్టరుగా ఎన్నో మరణాలను దగ్గరగా చూశాను. పోయిన మనిషి పోయినట్టే. ఆ తర్వాత గదిలో ఏదో మిగిలి ఉందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్లను తప్పు పట్టను. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్ని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో పరీక్షకుణ్ని. సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న భవనంలో నాలుగో అంతస్తు మాది. మెడికల్ కాలేజీలు తమ హౌస్‌సర్జన్లను మా దగ్గరికి పంపేవి. ప్రాణాల మీదికొచ్చిన రోగిని వాళ్లు ఎలా చూస్తారో ఒక బొమ్మ మీద పరీక్షించేవాళ్లం.

బొమ్మంటే నిలువెత్తు మనిషి. ఛాతీ లేచి పడుతుంది. మెడ దగ్గర నాడి కొట్టుకుంటుంది. అద్దం వెనక గదిలో కూర్చుని కంప్యూటరుతో దాన్ని నడిపేది యాదగిరి, పుప్పాలగూడ మనిషి. "వారంల ఇరవైసార్లు సచ్చి లేస్తడు సార్, ఈయనకు పింఛన్ ఇయ్యాలె" అనేవాడు.

ఆ వారం బొమ్మ మెడలో కుడివైపు గొట్టం పగిలింది. ఆ పక్క నాడి ఆడించేది అదే. దాన్ని తీసేసి, ఆ ఖాళీలో దూది కుక్కి, పైన రబ్బరు చర్మం కప్పాం. కొత్తది వచ్చేదాకా ప్రతి విద్యార్థికీ పరీక్షకు ముందే చెప్పాలి, నాడి ఎడమవైపే చూడమని. ఆ చెప్పే పని నాది.

ఆ రోజు బంద్. మిగతావాళ్లు పొద్దున్నే కాలేజీ బస్సులో వచ్చేశారు. స్వప్న అనే అమ్మాయి మాత్రం ఇంటి దగ్గర్నుంచి రావాల్సి వచ్చి గంటన్నర ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఏమ్మా, ధర్నాలో కూర్చుని వస్తున్నావా?" అన్నాను.

"లేదు సార్. ఆటోలన్నీ బందున్నయ్. కొత్తగూడ దాక ఎవరో బండి మీద దింపిన్రు. ఆడ్నుంచి నడుసుకుంట వచ్చిన."

"రేపు పేషెంటు దగ్గరికి కూడా ఇలాగే నడుచుకుంటూ వెళ్తావా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. నాది గుంటూరు. ఆ రోజుల్లో ఆ యాస చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండేది. ఇప్పుడిది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ కోపంలో ఆమెకు చెప్పాల్సిన మాటలు చెప్పలేదు. "వెళ్లు, మొదలుపెట్టు" అన్నాను. అంతే.

పరీక్ష ఎనిమిది నిమిషాలు. బైకు మీద నుంచి పడి, ఊపిరాడని మనిషి. చేసేదీ చూసేదీ పైకి చెబుతూ ఉండాలి. చూడకుండానే చూసినట్టు చెప్పి మార్కులు కొట్టేద్దామనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. స్వప్న మాత్రం ఒక్క తప్పూ చెయ్యలేదు. నాలుగో నిమిషానికల్లా రోగి తేరుకుంటున్నాడు.

అద్దం వెనక నుంచి చూస్తున్న నేను యాదగిరితో, "గుండె ఆపెయ్" అన్నాను.

"సార్, గది ఈ పరీక్షల లేదు కద?"

"ఆపమంటున్నానా?"

ఆపాడు. మానిటర్ మీద గీత చదునైంది. అలారం మోగింది. స్వప్న వంగి బొమ్మ మెడ మీద కుడివైపు వేళ్లు పెట్టింది.

"పల్స్ ఉంది సార్. వైర్లేమన్న ఊడినయేమో చూస్తున్న."

"మళ్లీ చూడు" అన్నాను మైకులో.

ఈసారి ఇంకాసేపు చూసింది. "ఉంది సార్. మంచిగ కొట్టుకుంటుంది."

గొట్టమే లేని చోట నాడి ఉందంటోంది. దొరికిపోయిందనుకున్నాను. ఛాతీ నొక్కడం మొదలుపెట్టకుండానే టైము అయిపోయింది. నాడి చూడకుండానే చూసినట్టు చెప్పిందని రాసి సున్నా వేశాను. ఆ సున్నాతో ఆమె క్యాజువాలిటీ డ్యూటీ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. అంటే ఆ ఏడాది పీజీ ఎంట్రన్స్ రాసే అర్హత పోయినట్టే. అది తెలిసే వేశాను.

అందరూ వెళ్లాక మధ్యాహ్నం మూడింటికి బొమ్మకు దుప్పటి కప్పడానికి లోపలికెళ్లాను. ఎందుకు చెయ్యి పెట్టానో తెలియదు. కుడివైపు పెట్టాను.

కొట్టుకుంటోంది.

ఎడమవైపు చూశాను. ఏమీ లేదు. మళ్లీ కుడివైపు పెట్టి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. డెబ్బై ఆరు. నా వేలికొసలో నా నాడే నాకు తెలుస్తోందేమోనని రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాను. నాది నూరు దాటి పరుగెడుతోంది. ఆ రెండూ ఒకటి కావు.

యాదగిరిని పిలిచాను. అతనూ పెట్టి చూశాడు, చప్పున చెయ్యి తీసేశాడు. స్వప్న పరీక్షే ఆ రోజు చివరిది, కంప్యూటరులో గుండె ఇంకా ఆగే ఉంది. గోడ దగ్గరికెళ్లి ప్లగ్గు పీకాడు. మానిటర్ ఆరిపోయింది. మళ్లీ పెట్టిన నా వేళ్ల కింద నాడి మాత్రం ఆగలేదు. ఇంకో అర నిమిషం కొట్టుకుని, నెమ్మదించి, ఆగిపోయింది. రబ్బరు చర్మం ఎత్తి చూశాం. మేం కుక్కిన దూది కుక్కినట్టే ఉంది.

యాదగిరి రబ్బరు చర్మాన్ని మళ్లీ కప్పాడు. తర్వాత మెల్లగా, "పిల్ల అబద్ధమాడలే సార్. మార్కులు మార్చుండ్రి" అన్నాడు.

"ఏమని రాయమంటావు?" అన్నాను.

నిజానికి రాయడానికి చాలా ఉంది. ఎడమవైపు చూడమని చెప్పలేదని రాయొచ్చు. పరీక్షలో లేని పని కోపంతో చేయించానని రాయొచ్చు. ఆ రెండు మాటలకూ దయ్యాలతో పనిలేదు. సాయంత్రం మార్కుల కాగితం ఏమీ మార్చకుండా కాలేజీకి పంపాను. యాదగిరి ఆ తర్వాత నాతో అవసరమైనంతే మాట్లాడాడు.

మూడు వారాలు నిద్ర పట్టలేదు. చివరికి నా పొరపాటు ఒప్పుకుంటూ కాలేజీకి ఉత్తరం రాశాను. నాడి సంగతి రాయలేదు. వాళ్లు మళ్లీ పరీక్ష పెట్టించారు. వేరే పరీక్షకుడి దగ్గర ఆమె సులువుగా పాసైంది. అప్పటికి ఎంట్రన్స్ దరఖాస్తుల గడువు దాటిపోయింది.

ఆ రెండో పరీక్ష రోజు వరండాలో ఎదురైంది. క్షమించమని అడగాలనుకున్నాను. పక్కకు తప్పుకుని దారిచ్చాను. ఆమే ఆగింది.

"సార్, ఒక్కటి అడుగుత. మా క్లాసుల అందరు నన్ను అబద్ధాలకోరు అంటున్నరు. నాకు గూడ నా చేతి మీద నమ్మకం పోయింది. ఆ రోజు మేం పోయినంక మీరు పట్టి చూసిన్రా?"

లిఫ్ట్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. యాదగిరి కూడా ఉన్నాడు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. తర్వాత ఆమెను చూడలేదు.

బొమ్మను తయారుచేసిన కంపెనీ ఇంజనీరు వచ్చి పరీక్షించి ఏ లోపమూ లేదన్నాడు. గొట్టం లేకుండా ఆ చోట కదలిక రాదన్నాడు. నాకు తెలిసిన ప్రతి కారణాన్నీ ఆలోచించి చూశాను, ఏదీ సరిపోలేదు. ఆ నాడి ఎక్కడిదో ఇప్పటికీ చెప్పలేను.

కానీ స్వప్న నన్ను అడిగింది అది కాదు. చూశారా అని అడిగింది. చూశాను. ఉంది.