ఎడమచేతి గ్లౌజు

నెట్టా గెడ్డెస్ తన సొంత చెల్లెలికి కూడా గ్లౌజు తాకట్టు పెట్టుకోకుండా బురుజు తాళంచెవి ఇవ్వలేదు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఊరు ఊరంతా చూసింది. ఆ చెల్లెలు పాపం పదేళ్ళ తర్వాత అబర్డీన్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే, గుమ్మంలోనే చెయ్యి చాపి "ఎడమచేతిది తియ్యి" అంది. కుడిచేతిది అడగదు. ఆ చేత్తోనే కదా తాళం తియ్యాలి, చలికి ఇనుము వేళ్ళని కొరికేస్తుంది. మనిషిలో అంతవరకూ జాలి ఉంది.

మా బాల్‌ఫెట్టర్‌కి బయటివాళ్ళు వచ్చేదే ఆ బురుజు కోసం. వెయ్యేళ్ళనాటి గుండ్రటి రాతి బురుజు, లోపల తొంభై ఆరు మెట్లు. పైకెక్కితే టే నది, మబ్బు లేని రోజున దూరంగా పెర్త్ పట్నం. పొద్దున పట్నంలో చూడాల్సినవి చూసుకుని, మధ్యాహ్నం బస్సుకి ఇటొస్తారు. బురుజెక్కి, దిగి, టీ దుకాణంలో స్కోన్ రొట్టెలు తిని, నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోతారు. బురుజుకి టికెట్టూ లేదు, కాపలా మనిషీ లేడు. ఎదురింటి గేటుకి ఒక చెక్క బోర్డుంటుంది, 'తాళంచెవి ఇక్కడ అడగండి' అని. ఆ బోర్డు ముప్ఫై నాలుగేళ్ళుగా నెట్టా గేటుకే ఉంది.

వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె దొంగని చూసినట్టే చూసేది. వేసవిలో గ్లౌజు లేదంటే టోపీ పెట్టమనేది, టోపీ లేదంటే కళ్ళజోడు. ఒక పెద్దాయన కళ్ళజోడు ఆమెకిచ్చి, పైదాకా ఎక్కి, ఏమీ కనబడక తిట్టుకుంటూ దిగాడు. నెట్టా మాత్రం తాళంచెవి చేతిలో పడ్డాకే కళ్ళజోడు తిరిగిచ్చింది.

ఇంత అనుమానానికి కారణం వీధికి అవతలి వైపు, నీలం తలుపు వెనకాల ఉండేది. ఆ ఇల్లు ఎఫీ డోయిగ్‌ది. ఒకప్పుడు బోర్డు ఆమె గేటుకే ఉండేది. ఎఫీ ఎవరి వస్తువూ అట్టిపెట్టుకునే రకం కాదు, నవ్వుతూ తాళంచెవి ఇచ్చేసేది. ఒక జూలై సాయంత్రం అది తిరిగి రాలేదు. ఎర్రగడ్డం మనిషి ఎవరో తీసుకున్నాడనీ, వానలో బస్సు వెనక పరిగెత్తి ఎక్కేశాడనీ ఎఫీ చెప్పింది. ఆ ఎర్రగడ్డాన్ని ఊళ్ళో ఇంకెవరూ చూడలేదు. రెండు వారాలకి ఎఫీ వంటింట్లోకి కొత్త పొయ్యి దిగింది. నెట్టా ఈ రెండింటికీ ముడిపెట్టింది. పాత వస్తువులు కొనేవాడెవడికో ఎఫీ తాళంచెవి అమ్మేసిందని చర్చి పెద్దల ముందు నిలబడి చెప్పింది. పెద్దలు బురుజుకి తాళం మార్పించి, కొత్త తాళంచెవి నెట్టా చేతిలో పెట్టారు. ఎఫీ పల్లెత్తు మాట అనలేదు. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న ఆ ఇద్దరికీ ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. మంచు పడ్డ రోజుల్లో ఎవరి వైపు వాళ్ళు వీధి సగం దాకా చిమ్ముకుని, మధ్యలో గీత గీసినట్టు వదిలేసేవాళ్ళు.

మొన్న ఏప్రిల్‌లో ఆకుపచ్చ కోటులో ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. బస్సు దిగి బురుజు వైపు కన్నెత్తి చూడలేదు. వీధి మధ్యలో నిలబడి నెట్టా గేటునీ, ఎఫీ తలుపునీ మార్చి మార్చి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. కిటికీ పరదా వెనకనుంచి నెట్టా ఇదంతా చూసింది. పక్కూరు గ్లెన్‌మారోలో కోట తాళంచెవి వాటీ అనే ముసలాయన దగ్గర ఉండేది. పట్నం నుంచి ఇలాగే ఒకడు పుస్తకం పట్టుకుని వచ్చాడు, మెత్తమెత్తగా మాట్లాడాడు. నెల తిరక్కుండా కోటకి అంకెల తాళం పడింది. వాటీ ఇప్పుడు పగలంతా టీవీ ముందు కునుకుతుంటాడు. ఆ తాళంచెవి పోతే తన తలుపు తట్టేవాళ్ళెవరుంటారని నెట్టాకి బెంగ పట్టుకుంది.

రెండోసారి ఆ మనిషి టీ దుకాణంలో కూపీ లాగిందని తెలిసింది. పూర్వం తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదని అడిగిందట. దుకాణంలో వాళ్ళు నెట్టాకి జడిసి, తెలీదన్నారట. ఆ తర్వాత నేరుగా వచ్చి నెట్టా తలుపే తట్టింది.

"మీ తలుపు ఎప్పుడూ ఈ రంగేనా అండీ?"

"తలుపు రంగుతో నీకేం పని? బురుజు ఎక్కాలా?"

"ఎక్కడానికి రాలేదండీ..."

"ఎక్కాలన్నా కుదరదులే. తాళంచెవి మరమ్మతుకి పోయింది" అని తలుపేసేసింది. జానెడు పొడుగు తాళంచెవి ఏప్రాన్ జేబులోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది. అబద్ధం చెప్పేటప్పుడైనా మనిషి కాస్త సర్దుకోవాలి కదా! నెట్టాకి ఆ ధ్యాసే లేదు. ఆ వారమంతా తాళంచెవిని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మూడోసారి వానలో తడిసి ముద్దై వచ్చింది. నెట్టా తలుపు సందులోంచే ఏ ఆఫీసు పంపిందని నిలదీసింది.

"ఏ ఆఫీసూ కాదండీ. నా పేరు లోర్నా. ఫిబ్రవరిలో మా నాన్న పోయారు. ఆయన బీరువాలో ఇది దొరికింది." కోటు లోపల్నుంచి ఒక ఉన్ని గుడ్డ మూట తీసింది. "చీటీ కూడా రాసి పెట్టారు. బాల్‌ఫెట్టర్‌లో నీలం తలుపు ఇంటావిడకి ఇచ్చి, క్షమించమని చెప్పమన్నారు. బోర్డేమో మీ గేటుకుంది, నీలం తలుపేమో అటుంది. ఎవరికివ్వాలో తెలీక తిరుగుతున్నాను."

మూటలో తుప్పుపట్టిన పాత తాళంచెవి ఉంది. దాని పిడి మీది నొక్కు నెట్టాకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"మీ నాన్నకి గడ్డం ఉండేదా?" అని అడిగింది.

"ఉండేది. వయసులో ఎర్రగా ఉండేది. బస్సు తప్పిపోతుందని జేబులో వేసుకుని పరిగెత్తారట. పోస్టులో పంపిద్దామనుకుని, ఆలస్యమయ్యేకొద్దీ సిగ్గుపడి ఊరుకున్నారు."

మూట తన దగ్గర పెట్టి వెళ్ళమంది నెట్టా, తాను అందజేస్తానంది. లోర్నా కళ్ళు తుడుచుకుని, బరువు దిగినట్టు నాలుగున్నర బస్సెక్కింది.

నెట్టా ఆ తాళంచెవిని సొరుగులో గుడ్డల కింద దాచింది. ఇప్పుడది ఏ తాళానికీ పట్టని ఇనపముక్క. ఎవరికీ తెలీదు, ఎవరూ అడగరు. బోర్డు తన గేటుకే ఉంటుంది. మూడు రోజులు అలాగే ఉంది. ఆ అమ్మాయి ఎఫీకి ఉత్తరం రాస్తుందేమోనని ఒకపూట అనుమానం, ఎఫీ తన కిటికీలోంచి మూటని చూసిందేమోనని ఇంకోపూట. నాలుగో రోజు టీ కలుపుకుంటుంటే, ఆ అనుమానం మళ్ళి తన మీదికే వచ్చింది. తాళంచెవి పోయిన ఆ జూలైకి ముందు కూడా ఆ బోర్డు చూసి తను కుళ్ళుకునేది. ఎర్రగడ్డం మాట అబద్ధం కావాలని కోరుకుంది. పొయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎఫీని ఒక్కసారి కూడా అడగలేదు. నెట్టా సిగ్గుతో చచ్చిపోయింది. టీ చల్లారిపోయింది.

స్క్రూడ్రైవరు తీసుకుని బోర్డు ఊడదీసింది. పాతదీ కొత్తదీ రెండు తాళంచెవులూ పట్టుకుని వీధి దాటింది. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత నీలం తలుపు తట్టింది.

ఎఫీ తలుపు కొంచెమే తెరిచింది. "ఏం పోయింది ఈసారి?" అంది.

"ఏమీ పోలేదే. పోయింది దొరికింది. ఎర్రగడ్డం ఆయన కూతురు తెచ్చింది. నిన్ను క్షమించమన్నాడట." నెట్టా పాత తాళంచెవి ముందుకు చాపింది. "నా మాట కూడా అదే."

ఎఫీ పాత తాళంచెవి తీసుకుని నొక్కు మీద బొటనవేలితో రాసింది. "పొయ్యి మా పెద్దమ్మ పోతూ పోతూ నాకు రాసింది. అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది. రెండో తాళంచెవీ బోర్డూ తీసుకుని తలుపేసింది. కౌగిలింతలూ కన్నీళ్ళూ మా ఊళ్ళో ఆశించకండి.

ఆదివారం నాడు నెట్టా చర్చి పెద్దల ముందు మళ్ళీ నిలబడింది. అప్పుడు చెప్పింది తప్పని చెప్పి కూర్చుంది. సోమవారానికి బోర్డు నీలం తలుపింటి గేటుకెక్కింది.

మంగళవారం ఎండ కాసింది, గాలి మాత్రం కోస్తోంది. చేతిలో తాళంచెవి ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ ఎక్కలేదు కదా అని, నెట్టాకి బురుజు ఎక్కాలనిపించింది. వెళ్ళి నీలం తలుపు తట్టింది. ఎఫీ ఆమెని పైనుంచి కిందికి ఒకసారి చూసి, తాళంచెవి ఇవ్వకుండా ఖాళీ చెయ్యి చాపింది.

"ఎడమచేతిది తియ్యి."

నెట్టా గ్లౌజు ఊడదీసి ఆ చేతిలో పెట్టింది. ఎఫీ దాన్ని ఏప్రాన్ జేబులో కుక్కుకుని, అప్పుడు తాళంచెవి ఇచ్చింది.

"నాలుగున్నర బస్సెక్కి పారిపోకు" అంది.