కరవని బూట్లు

మా మావయ్య బస్సు కండక్టరు. మనిషి ఒక్కడే గానీ పాదాలు ఇద్దరికి సరిపోతాయి. ఏ కొట్టుకెళ్లినా పదో నంబరు దగ్గరే చేతులెత్తేస్తారు. ఆయనకు కావలసింది పదమూడు, అదీ వెడల్పువి. దొరికిన బూట్లలోనే కాళ్లు కుక్కుకుని, సాయంత్రం కుంటుకుంటూ వచ్చి, అవి ఎక్కడెక్కడ కరిచాయో అత్తయ్యకు చూపిస్తూ తిట్టేవాడు. ఆ తిట్లు వింటూనే నేను పెరిగాను.

ఈమధ్య తిట్లు తగ్గాయి. ఓరోజు ఒక్క చెప్పుతోనే ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలీలేదన్నాడు. పడీపడీ నవ్వాం. షుగరు మాత్రలు గుర్తుంటే వేసుకునే మనిషి. మా వీధి టైలరుకు షుగరుతో ముందు స్పర్శ పోయింది, తర్వాత చిన్న పుండుతో కాలే పోయింది. అయినా ఆ నవ్వులో అది మాకెవరికీ తట్టలేదు.

చెప్పులతో కాదు, బూట్లతో వస్తేనే బస్సెక్కనిస్తానని డిపో మేనేజరు తెగేసి చెప్పాక, నేను ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. అత్తయ్య ఆయన్ని పాత పేపరు మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసింది. గీసింది పొద్దున్నే. సాయంత్రానికి కాళ్లు పొంగుతాయన్న ధ్యాసే లేదు. వచ్చిన జతలు వచ్చినట్టే వెనక్కి వెళ్లాయి. చివరికి ఒకటి ఎక్కింది.

"నొక్కుతోందా మావయ్యా?"

"అబ్బే! అసలు వేసుకున్నట్టే లేదే పిల్లా."

"బొటనవేలు తగులుతోందేమో చూసుకోండి," అంది అత్తయ్య.

"తగిలితే నాకు తెలీదూ? పుట్టినప్పట్నుంచీ కరిపించుకుంటున్నవాణ్ణి!"

తోలు పక్కలకు ఉబ్బి, కుట్లు సాగి ఉన్నాయి. వంగి, బొటనవేలి మీద బలమంతా పెట్టి నొక్కాను. ఆయన అత్తయ్యతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. అప్పుడు టైలరు గుర్తొచ్చి నాకు భయమేసింది.

"డాక్టరుకు చూపిద్దాం మావయ్యా. ఇవాళ డ్యూటీ మానెయ్."

"బూట్లు సరిపోయాయని డాక్టరు దగ్గరికెళ్తారటే ఎవరైనా?" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

సాయంత్రం కుంటకుండా వచ్చాడు. తనకు పెళ్లయ్యాక బూట్లతో ఇలా నడిచి రావడం ఇదే మొదటిసారని అత్తయ్య మురిసిపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని కాలు చాపాడు. ఆమె కింద కూర్చుని బూటు లాగింది. బూటు వచ్చింది. మేజోడు ముందు సగం నెత్తురుతో తడిసి, బొటనవేలికి అతుక్కుపోయి ఉంది. అత్తయ్య దాన్ని వేలి నుంచి మెల్లగా ఊడదీయసాగింది.

"ఏంటే ఇంతసేపు?" అన్నాడు మావయ్య కళ్లు తెరవకుండానే. "ఇంకా విప్పలేదా?"