ఆరు ఓట్ల గోడ

మణుగూరులో మా క్రీడాభిమానుల సంఘానికి ఒక రేకుల హాలు ఉంది. లోపల ఒక క్యారమ్స్ బల్ల, మూలన చుట్టిపెట్టిన నెట్లు, ఎప్పుడూ సగమే వెలిగే ట్యూబులైట్లు. తలుపుకు ఎదురుగా ఉన్న గోడ మీద ఫోటోలు. ఈ ప్రాంతం తరఫున ఆడి, ఆటలో తమ పేరు నిలబెట్టుకున్న వాళ్లవి. ఏడాదికి ఒకటో రెండో కొత్తవి ఎక్కుతాయి, ఒక్కోసారి ఏదీ ఎక్కదు. ఎవరివి ఎక్కాలో చెప్పేది ఆటగాళ్లు కాదు, కోచ్‌లూ కాదు. ఆటల వార్తలు రాసే మేము, ఎనిమిది మంది విలేకరులం.

నేను డిప్లొమా చదివి సారపాక మిల్లులో కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో ఒక దినపత్రికకు ఆటల వార్తలు పంపుతాను. గోడ ఆలోచన సంఘం పెద్దలది. ఓట్ల పద్ధతి నాది, నాది కూడా కాదు, అమెరికాది. అక్కడ బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల కోసం ఒక మందిరం ఉందనీ, అందులోకి ఎవరు వెళ్లాలో ఆటల విలేకరులే ఓటేస్తారనీ ఫోన్లో చదివాను. ఓటేసిన వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది పేరు రాస్తే తప్ప లోపలికి పోలేరు. కొన్నేళ్లు ప్రయత్నించీ రాకపోతే జాబితాలోంచే పేరు తీసేస్తారు. నాకు ఇది ఎంతో నచ్చింది. అప్పటిదాకా మా దగ్గర ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకు సన్మానం. ఈ పద్ధతిలో అడగడానికి ఎవరూ దొరకరు.

దాన్ని మా హాలుకు తగ్గట్టు కుదించి ఒక పేజీలో టైపు చేసి ఇచ్చాను. ఎనిమిది మందిలో ఆరుగురు రాయాలి. ఒక్కొక్కరు రెండు పేర్లకు మించి రాయకూడదు, గోడ చిన్నది కాబట్టి. ఒక ఆటగాడికి మూడేళ్లే అవకాశం. లెక్క అందరి ముందు బోర్డు మీద వేయాలి, వేశాక చీటీలు చింపేయాలి, ఎవరు ఎవరికి వేశారో అనే గొడవ లేకుండా. పెద్దలు చదివి, బాగుందన్నారు. మా అందరిలో సీనియర్ విలేకరి, మేం పెద్దన్న అని పిలిచే ఆయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మంచిగనే ఉంది తమ్మీ, మిషినుకు రాసినట్టు రాసినవ్," అన్నాడు.

మొదటి ఏడాది ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కు ఒక్క ఓటూ పడలేదు. బోర్డు మీద అందరి పేర్ల పక్కన గీతలున్నాయి, ఆయన పేరు పక్కన ఖాళీ. ఆయన భార్య కాసేపు ఆ ఖాళీని చూసింది. తర్వాత ఇద్దరూ లేచి, మేకమాంసం కూర ఉడుకుతున్న వంటల పందిరి పక్కనుంచి నడిచి, తినకుండానే వెళ్లిపోయారు. పిలిచి, అన్నం పెట్టకుండా పంపడం. ఆ రోజు మాలో ఎవరికీ ముద్ద సరిగా దిగలేదు.

అప్పటి నుంచి ఒక ఆనవాయితీ మొదలైంది. ఎవరికీ సున్నా పడకూడదు. నా పేజీలో లేని నియమం, అన్నిటికన్నా బలంగా నడిచే నియమం. ఒక్కొక్కరూ తమ రెండు ఓట్లలో ఒకటి, పాపం అనిపించినవాళ్లకు వేయాలి. మర్యాద ఓటు అంటారు మావాళ్లు. దానికి నేను అడ్డు చెప్పలేదు. ఏమని చెబుతాను?

ఈ ఏడాది జాబితాలో ఐదుగురున్నారు. అందులో ఒకరు మా కాక.

బంధువు కాదు. ఆట చూడ్డానికి వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని, ఏ బంతి ఎందుకు పోయిందో చెబుతుంటే కాకా అనడం అలవాటైంది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపి రిటైరయ్యాడు. వాలీబాల్‌లో సెట్టర్. అవతలి నుంచి వచ్చిన బంతిని మనవాడొకడు ఆపుతాడు, సెట్టర్ దాన్ని వేళ్ల కొసలతో అందుకుని నెట్ పక్కన సరైన ఎత్తుకు లేపుతాడు, మూడోవాడు ఎగిరి కొడతాడు. చప్పట్లు మూడోవాడికి. మరునాడు పేపర్లో పేరూ మూడోవాడిదే.

ఆయన పేరు జాబితాలోకి వచ్చిన ఏడాది నేను పెద్దన్న ఇంట్లో అటక మీది పాత కటింగులన్నీ దింపి వెతికాను. ప్రతి వార్తలోనూ ఎవరో ఒకరు స్మాష్‌లతో విరుచుకుపడ్డారు. ఆ స్మాష్‌కు బంతిని ఎవరు లేపారో ఒక్కచోటా లేదు. జట్టు సభ్యుల పేర్లు వేసినప్పుడు కూడా నాలుగైదు పేర్ల తర్వాత "తదితరులు" అని ఉండేది. కాక ఎప్పుడూ ఆ తదితరుల్లోనే ఉన్నాడు. ఫోటోలూ అంతే. కొట్టేవాడు గాల్లో ఉంటాడు, అంచున రెండు చేతులు కనిపిస్తాయి. అవి కాక చేతులు. వేళ్ల వంకర్లు చూసి గుర్తుపట్టాను. స్మాష్‌లు లెక్కపెట్టి చూపించొచ్చు. లేపిన బంతులు ఎవరూ రాయలేదు. రాయనివాళ్లం మేమే, ఇప్పుడు ఆధారం అడిగేదీ మేమే.

గోడ మీద ఫోటో ఎందుకు కావాలో కాక నాతో ఒకసారి అన్నాడు.

"మా అల్లుడు అంటడు బిడ్డా. మామా, నువ్వు గట్ల ఆడిన గిట్ల ఆడిన అంటవు గని, ఏ పేపర్ల సూశినా నీ పేరు లేదేంది అని. నవ్వులాటకే అంటడు. నేను గూడ నవ్వుత. గోడ మీద ఉంటే ఒక్కపారి తీస్కపోయి సూపిస్త. ఏం మాట్లాడ, ఊకె నిలబెడ్త."

మొదటి ఏడాది ఆయనకు మూడు ఓట్లు, రెండో ఏడాది నాలుగు. ఇది మూడోది, ఆఖరుది. ఈ మధ్యలో నేను ఆ చేతుల ఫోటోలన్నీ వరసగా పెట్టి పత్రికలో ఒక వ్యాసం రాశాను. మావాళ్లు చదివారు. కాకకు రావాల్సిందే అని అందరూ అన్నారు. అందరూ అన్నారు కాబట్టే నాకు భయం వేసింది.

ఓట్ల రోజు ఆదివారం. జాబితాలో ఉన్నవాళ్లు కుటుంబాలతో వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. మేము వెనక పందిరి కింద చాయ్ తాగుతున్నాం. అప్పుడు బోనకల్ నుంచి జాబితాలోని షాట్‌పుట్ ఆటగాడు దిగాడు. రైలెక్కి, బస్సు మారి వచ్చారు. ఆయన కాలికి పాదం నుంచి పిక్క దాకా కట్టు. షుగర్ పుండు అని తర్వాత తెలిసింది. ఒకవైపు భార్య, ఇంకోవైపు అక్కో చెల్లెలో పట్టుకున్నారు. వెనక ఇద్దరు బావమరుదులు, వాళ్ల పిల్లలు, ఒక పెద్ద టిఫిన్ క్యారియర్. ఆయన ఒకప్పుడు జోనల్ పోటీల్లో ఒకసారి గెలిచాడు. అంతకు మించి మాకెవరికీ ఏమీ తెలియదు.

"ఇల్లు ఇల్లంత దిగింది గదనే," అన్నాడు ఒక విలేకరి.

"ఈయనకు సున్నా పడితే మనం మనుషులమే కాదు," అన్నాడు పెద్దన్న.

"మరి కాకకు?" అన్నాను.

"కాకకు ఎట్లనన్న వస్తయ్. గాయన ముచ్చట ఇడిసిపెట్టు."

"అందరం గట్లనే అనుకుంటే ఎట్లన్నా? రెండే ఓట్లున్నయి. ఒకటి మర్యాదకు పోతే ఇంకొకటే ఉంటది. అది కాకకు పడాలె."

"అందరం ఎందుకు అనుకుంటం? నువ్వున్నవ్, వీడున్నడు. నీ లెక్కలు మిల్లుల సూస్కో తమ్మీ. ఇక్కడ మనుషులున్నరు."

అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఎవరి చీటీలో ఏం రాయాలో చెప్పడానికి నాకు హక్కు లేదని నా పేజీలోనే ఉంది.

నేను కాక పేరు ఒక్కటే రాసి చీటీ వేశాను. లెక్క వేసే పని కూడా నాదే, వయసులో చిన్నవాణ్ని, బోర్డు మీద రాత నీటుగా ఉంటుందని. సంఘం అధ్యక్షుడు చీటీ విప్పి, చదివి, నాకు చూపిస్తాడు. నేను గీత పెడతాను.

మొదటి చీటీలో కాక, బోనకల్ ఆయన. రెండోదీ అంతే. మూడో చీటీలో బోనకల్ ఆయన, సారపాక కబడ్డీ ఆటగాడు. కాక పేరు లేదు. ప్రెస్ మీట్లలో పక్కపక్కన కూర్చుని రాసుకునేవాళ్లం, తోటి విలేకరులందరి చేతిరాతలూ నాకు తెలుసు. ఆ పచ్చ ఇంకు పెద్దన్నది. నాలుగో చీటీ నాది. ఐదో దాంట్లో బోనకల్ ఆయన, ఇప్పుడు హాస్టల్ వార్డెన్‌గా ఉన్న ఒక పరుగుపందెం ఆవిడ. ఇంకా మూడు చీటీలున్నాయి, కాకకు ఆ మూడూ కావాలి. ఆరోది కాకకే పడింది. ఏడోది కూడా. ముందు వరసలో కాక తెల్లచొక్కా మడతలు సర్దుకుంటున్నాడు. ఎనిమిదో చీటీ అధ్యక్షుడు విప్పుతుంటే వెనక నుంచే కనబడింది. రెండు పేర్లున్నాయి. రెండూ కాకవి కావు.

బోర్డు మీద చివరకు మిగిలింది ఇది. కాకకు ఐదు. కబడ్డీ ఆయనకు రెండు. పరుగుపందెం ఆవిడకు ఒకటి, జాబితాలో ఐదోవారైన చెస్ మాస్టారికి ఒకటి. బోనకల్ ఆయనకు ఆరు.

ఎవరికీ సున్నా పడలేదు.

హాల్లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. బోనకల్ ఆయన భార్యే మొదట లేచి ఏడ్చింది. ఆయన కట్టుకాలు మీద నిలబడబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. చప్పట్లు మొదలైతే మేము కూడా కొట్టాం, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

పందిరి కింద ఒక విలేకరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నేను ఒక్కటి, మర్యాదకు ఏసిన తమ్మీ. ఒక్కటి పడుతదనుకున్న."

"అందరూ ఒక్కటే ఏసిన్రన్నా," అన్నాను.

అధ్యక్షుణ్ని పక్కకు పిలిచి మళ్లీ ఓటింగ్ పెట్టొచ్చా అని అడిగాను. ఆయన రిటైరైన పీఈటీ, జీవితమంతా విజిల్ ఊది బతికినవాడు. "స్కోర్ షీట్ మీద సంతకం అయినంక ఆట మళ్ల ఆడిస్తరా?" అన్నాడు. అప్పటికే ఆయన చేతిలో చీటీలు నాలుగు ముక్కలయ్యాయి.

చివరకు మిగిలిన ఒక శాలువా తెచ్చి కాకకు కప్పారు. ఫలానా సేవలకు గుర్తింపుగా అని పెద్దన్న మైకులో ఏదో చెప్పాడు. కాక తల వంచి కప్పించుకున్నాడు, నమస్కారం పెట్టాడు, దిగాక మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. అన్నం తిని, బోనకల్ కుటుంబం పక్కనే కూర్చుని కాలికి ఏ దవాఖానలో చూపిస్తున్నారో కూడా అడిగాడు.

గోడకెక్కని ఫోటోలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. మరుసటి వారం నేను ఫ్రేమ్ పట్టుకుని కాలనీలో కాక ఇంటికి వెళ్లాను. చిన్నమ్మ, అంటే కాక భార్య, వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఫ్రేమ్ చూసి, "తెచ్చినవా? మాకేం గోడలు లేవా," అంది. ఆ మాట నాతో కాదు, కాకతో.

కాక నవ్వి కుర్చీ వేశాడు. చాయ్ వచ్చింది. కాసేపు మ్యాచ్‌ల గురించి మాట్లాడాక, ఆయన వేళ్లు ముందుకు చాపాడు.

"ఒక ముచ్చట అడుగుత బిడ్డా. నువ్వు నాకే ఏసినవా?"

"అవ్ కాకా."

"అది నాకు తెల్సు. నువ్వొకనివి." ఒక వేలు మడిచాడు. "నీ పెద్దన్న ఆనాడే నా చెయ్యి పట్టుకుని చెప్పిండు, నీకే ఏసిన కాకా, ఏమయిందో ఏమో అన్నడు. రెండు. భద్రాచలం ఆయన ఫోన్ జేసిండు, ఒట్టు పెట్టుకున్నడు. మూడు. మన ఊరోళ్లు ఇద్దరు ఇంటికే వచ్చిపోయిన్రు." అట్లా ఒక్కొక్కరినీ చెబుతూ ఇంకో చేతి మీదికి వెళ్లాడు. "మీరు ఎనిమిది మందే గదా?"

"ఎనిమిదే."

"ఎనిమిది మందీ నాకే ఏసిన అన్నరు. మరి ఐదెట్ల అయినయి?"

నాకు ఐదెట్లయ్యాయో తెలుసు. ఏ మూడు చీటీలలో లేదో కూడా తెలుసు. చెప్పాలంటే ముగ్గురి పేర్లు చెప్పాలి, అందులో ఒకటి పెద్దన్నది. చెప్పకూడదని నేనే టైపు చేశాను. చూపించడానికి చీటీలు కూడా లేవు. చాయ్ గ్లాసు కింద పెట్టాను. మళ్లీ తీసుకున్నాను, అందులో ఏమీ లేదు.

కాక నా ముఖం చూశాడు. ఆయనకు ఇంకోటి తోచినట్టుంది. గొంతు తగ్గించాడు.

"బోర్డు మీద గీతలు నువ్వే పెట్టినవ్ గదా."

"అవ్."

"జల్దీ జల్దీల ఎక్కడ్నో తప్పిపోయి ఉంటయ్. నా గీతలు అటు పడ్డట్టున్నయ్. అయితది బిడ్డా. మేం గూడ ఆటల స్కోర్ మర్సిపోతుండె."

లెక్క తప్పలేదని నేను అనాలి. జీవితంలో నేను ధైర్యంగా చెప్పగలిగేది అదొక్కటే. కానీ లెక్క సరైనదైతే ఆ మడిచిన వేళ్లలో మూడు మళ్లీ విప్పాలి.

"అయి ఉండొచ్చు కాకా," అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నమ్మకు వినబడకుండా అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నీ పేరు ఖరాబైతది. ఆ బోనకల్ ఆయన ఫోటో గూడ దింపుతరు, పాపం."