నేల లేని వేప

2017 వానాకాలం. ఢిల్లీ పక్కన ఇందిరాపురం దగ్గర మా చిన్న బిల్డింగ్ కంపెనీ కట్టిన అపార్ట్‌మెంట్లలోకి జనం అప్పుడప్పుడే దిగుతున్నారు. నేను సైట్ ఇంజనీరుని. మా యజమాని ఖన్నా గారికి చెట్లంటే నిజంగానే పిచ్చి. ఫ్లాటుకొక చెట్టు అన్నారు. ఎవరికి నచ్చిన మొక్క వాళ్లు తెచ్చుకోవచ్చు. గొయ్యి, ఎరువు, నీళ్లు కంపెనీవి. ఆ రోజు సమోసాలు, ఫొటోలు, పిల్లల గోల. గొప్ప పని చేస్తున్నామని నేనూ పొంగిపోయాను.

మూడో అంతస్తు సుభద్ర గారు వేప నాటారు. తెనాలి మనిషి, నోయిడాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు.

"ఏటా ఉగాదికి వేపపువ్వు ఎవరు పట్టుకొస్తారా అని చూడ్డమే సరిపోతందండీ. ఇక మన వాకిట్లోనే పూస్తది," అన్నారు. ఆ మాట మిగతా తెలుగు ఇళ్లవాళ్లకూ చెప్పారు.

నాటింది పోడియం మీద. అంటే అడుగున బేస్‌మెంట్‌లో కార్లు, వాటిపైన స్లాబు, నీరు దిగకుండా స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పొర, ఆ పైన కాస్త మట్టి. అక్కడ పూలపొదలు హాయిగా బతుకుతాయి. తోట డిజైన్ చేసినాయన పొదలే వేయమన్నాడు కూడా. కానీ జనం చేతుల్లో మామిడి, నేరేడు, వేప మొక్కలు చూశాక వద్దనడానికి ఖన్నా గారికి నోరు రాలేదు. అంత సంబరంలో అడ్డుపడదామని మాలోనూ ఎవరికీ తోచలేదు.

కొన్నేళ్లకు చెట్లు ఏపుగా పెరిగాయి. ఆ తర్వాత ఒక వర్షాకాలం బేస్‌మెంట్‌లో కార్ల మీద నీళ్లు కారడం మొదలైంది. తవ్వి చూస్తే వేర్లు పొరని చీల్చుకుని పోయాయి, స్లాబు ఇనుము తుప్పు పడుతోంది. మళ్లీ వానలొచ్చేలోగా పెద్ద చెట్లన్నీ తీసేయాలని తేలింది. "తెలుగావిడ కదా, మీరే చెప్పండి రావ్ సాబ్," అని ఖన్నా గారు ఆ పని నా నెత్తిన పెట్టారు.

అప్పటికి ఉగాది దాటింది. ఢిల్లీ వేప పండగ వేళకు పూయదు, కాస్త ఆలస్యం. సుభద్ర గారి చెట్టు మొదటిసారి మొగ్గ తొడిగి ఉంది. విషయం చెప్పాను. ఆమె కోప్పడలేదు, అదే కష్టంగా అనిపించింది.

"కొట్టడం దేనికండీ? తీసి నేల్లో పాతండి. ఇంత జాగాలో ఒక్క చెట్టుకి చోటు దొరకదా?"

"చూద్దాం రండి," అన్నాను.

ఇద్దరం కాంపౌండంతా తిరిగాం. గేటు పక్క లాన్ చూపించారు. దాని కిందా బేస్‌మెంటే. వెనక దారి ఫైరింజన్ తిరగడానికి వదిలింది, అక్కడ గొయ్యి తీయకూడదు. గోడ వెంట మురుగు పైపులు, కరెంటు కేబుళ్లు. బ్యాడ్మింటన్ కోర్టు చూపించబోతే, దాని కింద నీళ్ల ట్యాంకు ఉందని చెప్పాను. ఆ స్థలంలో అంగుళం అంగుళం నాకు తెలుసు. అయినా ఆ రోజు చూసినట్టు అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆమె కోర్టు పక్క ఆగిపోయారు. "అయితే మనం ఉంటంది నేల మీద కాదన్నమాట."

మళ్లీ ఆమే అన్నారు, "మా రెండు కార్లూ ఆ చెట్టు కింద బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి లెండి. ఎవర్ననాలి? పూత రాలేదాకా ఆగండి, చాలు."

ఖన్నా గారిని ఒప్పించి ఆపాను. పూసినన్నాళ్లూ ఆమె చెట్టు కింద పాత చీరలు పరిచి పువ్వు ఏరుకుని, ఎండబెట్టి డబ్బాలో దాచుకున్నారు. కొట్టే రోజున ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి నిలబడ్డారు. మొదటి కొమ్మ పడగానే ఆమె కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, "మమ్మీ, ఊపర్ చలో," అని పైకి లాగింది. ఆమె కదల్లేదు. నాకు మాత్రం అక్కడ ఉండబుద్ధి కాలేదు, బాధేసింది.

ఇప్పుడు మా కొత్త ప్రాజెక్టులోనూ ఫ్లాటుకొక చెట్టే. ఏ చెట్టు అన్నది తర్వాత, ముందు నేల చూపించండని డ్రాయింగ్ మీదే పేచీ పెడుతున్నాను. బేస్‌మెంటు కాస్త వెనక్కి జరపమంటే, కార్లు ఎక్కడ పెడతారంటారు ఖన్నా గారు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. చివరికి గేటు దగ్గర ఒక మూల వదలడానికి ఒప్పుకున్నారు. పెద్ద చెట్లు అక్కడ పట్టినన్నే, మిగతావాళ్లకు పొదలని ముందే చెబుతున్నాం.

చెట్టు కొట్టిన మరుసటి ఉగాదికి సుభద్ర గారి కూతురు పక్కనే వైశాలిలో ఉన్న మా ఇంటికి పచ్చడి తెచ్చింది. "మమ్మీ నే భేజా హై, అంకుల్. హమారే పేడ్ కా ఫూల్ హై," అంది. మమ్మీ పంపింది, మా చెట్టు పువ్వే అని, చెట్టు ఇంకా అక్కడే ఉన్నట్టు చెప్పింది. తీసుకుని, అమ్మ ఎలా ఉన్నారని అడిగాను. డబ్బాలో ఉన్న పువ్వంతా అమ్మ ఈ ఏడాదికే తెలుగు ఇళ్లన్నింటికీ పంచేసిందట. పై ఏటికి తెనాలి నుంచి ఎవరొస్తారా అని అప్పుడే ఫోన్లు చేస్తోందట.