పెదనాన్న తాళాలు, పెద్దమ్మ ఆట

మా పెదనాన్న బయటికి వెళ్ళేటప్పుడు తలుపుకు తాళం వేసి ఒకసారి లాగి చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. తాళాలు బాగుచేయడమే ఆయన వృత్తి కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. దుకాణం గోడ నిండా తాళం లేని చెవులు, చెవి లేని తాళాలు వేలాడుతుంటాయి. ఎక్కడ చెయ్యి ఆనించినా ఇత్తడి పొడి అంటుకుంటుంది. వంటింటి అల్మారాకు తాళం, బట్టల పెట్టెకు తాళం. ఉప్పు డబ్బాకు వేయలేదు, అదే పదివేలు.

"నేను తీయలేని తాళం లేదు. నేను తీయగలిగితే ఇంకొకడూ తీయగలడు కదా," అంటాడు. తన పనితనం చెప్పుకుంటూ అదే నోటితో లోకాన్నంతా దొంగల్లో కలిపేస్తాడు.

ఆ ఇంటికి నేనొక గేమ్ బాక్సు, టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకునేది, పట్టుకుని వెళ్ళాను. పంపింది మా అమ్మ. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. బస్ స్టేషన్లో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం చేసేది. ఆమె గొంతు విని పరుగున వెళ్ళి బస్సెక్కినవాళ్ళు ఆ ఊళ్ళో సగం మందైనా ఉంటారు. కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయని విన్నాం. కానీ అప్పట్నుంచి పెద్దమ్మ ఫోనుకు రావడం మానేసింది. అమ్మ ఎప్పుడు చేసినా పెదనాన్నే ఎత్తి "పడుకుంది" అంటాడు, పెట్టేస్తాడు.

"పొద్దున పడుకుంది, సాయంత్రం పడుకుంది. ఎవరికి చెప్తున్నాడు ఈ కథలు? మనిషిని కూడా బీరువాలో పెట్టి తాళం వేశాడేమో చూసి రా," అంది అమ్మ. మోకాళ్ళు సహకరించక తను అంత దూరం రాలేదు.

గేమ్ బాక్సు ఆలోచన నాది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఆటంటే ప్రాణమట. అమ్మ తొండి ఆడేదట, పెద్దమ్మ పట్టుకుని తిట్టేదట. నేను కొత్త బాక్సు కొన్నాక పాతది మూలపడి ఉంది. దాన్ని పెద్దమ్మ ఇంట్లో నెట్‌కు కలిపి, కొత్తది అమ్మకిస్తే ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కార్ల పందెం ఆడుకోవచ్చు. ఫోనుకు రాని అక్క ఆటకైనా వస్తుందని అమ్మ ఆశ. లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడం నా అసలు పని.

పెదనాన్న బాక్సును చేతిలోకి తీసుకుని బోర్లా తిప్పాడు. గాలి పోయే సందుల్లోకి టార్చి వేసి చూశాడు.

"ఇందులో కెమెరా ఉందా?"

"లేదు పెదనాన్నా."

"మైకు?"

"దీనికో హెడ్‌ఫోను ఉంది, దానికి ఉంది. వద్దంటే ఆపేసుకోవచ్చు."

"ముందది ఆపు," అన్నాడు. ఆపాక కూడా నమ్మలేదు. ఎర్ర దీపం వెలిగితే ఆగినట్టేనని నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. మైకంటే ఈయనకెందుకింత భయమని నాకు అప్పుడే అనుమానం తగిలింది.

పెద్దమ్మ కిటికీ పక్క కుర్చీలో ఉంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది, నా చెంప నిమిరింది. ఒక్క మాట మాట్లాడలేదు. "ఎలా ఉన్నావు పెద్దమ్మా?" అంటే తలూపి పెదనాన్న వైపు చూసింది. టీ తాగుతావా అంటే ఆయన వైపే, బాక్సు టీవీకి తగిలించనా అంటే ఆయన వైపే. బస్ స్టేషన్ మొత్తాన్ని గొంతుతో నడిపిన మనిషి మొగుడి కళ్ళలోకి చూడందే తలూపడం లేదు. అమ్మ అన్నదే నిజమనిపించింది. నాకు ఒళ్ళు మండింది.

బాక్సు టీవీకి తగిలించాను. తెర మీద నెట్‌వర్క్ పేర్లు వచ్చాయి, ఆయనది ఎంచుకున్నాను, పాస్‌వర్డ్ అడిగింది.

"నువ్వు గోడ వైపు తిరుగు," అన్నాడు పెదనాన్న.

"నేనా!"

"అందరికీ ఒకటే లెక్క."

కిటికీ తెర లాగి, రిమోటు తీసుకుని టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ రిమోటుతో ఒక్కో అక్షరం దగ్గరికీ నడిపించుకుంటూ వెళ్ళి నొక్కాలి. నేను గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను. ఆయన పాస్‌వర్డు ఎంత పొడుగుందో నా కాళ్ళు పీకడం మొదలయ్యాక తెలిసింది. చివర్లో ఒక అక్షరం తప్పు పడింది. మళ్ళీ మొదటికొచ్చింది. పెద్దమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది, శబ్దం లేకుండా.

ఎట్టకేలకు కలిసింది. తెర మీద అమ్మ ఆహ్వానం వచ్చింది. ఆటలో అమ్మ పేరు 'పొట్టి', పెద్దమ్మకు అమ్మ పెట్టిన పేరు 'మైకక్క'. పెద్దమ్మ ఆ పేరు చూసి చాలాసేపు రిమోటు పట్టుకోలేదు. పట్టుకున్నాక మాత్రం వదల్లేదు. రెండు కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి, పందెం మొదలైంది, మొదటి మలుపు దగ్గర తెర బిగుసుకుపోయింది. కనెక్షన్ పోయింది.

మళ్ళీ కలిపాను, మళ్ళీ పోయింది.

"పై వాటా దర్జీ లాగేస్తున్నాడు మన నెట్టు," అన్నాడు పెదనాన్న. "వాడి నవ్వే నాకు నచ్చదు." వెంటనే పాస్‌వర్డ్ మార్చాడు. నేను మళ్ళీ గోడ చూశాను. మళ్ళీ కలిసింది, అదే మలుపు దగ్గర మళ్ళీ పోయింది. ఇప్పుడు ఆయన నా వైపు అదోలా చూశాడు. "ఈ పెట్టె నీదేగా? ఇదివరకు ఎవరింట్లో ఉండేది?"

నాకు తిక్క రేగింది. "అసలు మీ వైఫై డబ్బా ఎక్కడుంది?"

"భద్రంగా ఉంది."

"అదే, ఎక్కడ?"

నేను గోడ వెంట పాకుతున్న నల్ల తీగను పట్టుకుని వెళ్ళాను. ఆ తీగ దుకాణంలోంచి వచ్చి, మంచం కిందుగా వెళ్ళి, ఇనప బీరువా వెనక తేలింది. బీరువాకు గుండ్రంగా కన్నం, కన్నం అంచు తీగను కోయకుండా ఇత్తడి బిళ్ళ. పనితనానికి వంక పెట్టడానికి లేదు. వైఫై డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు! దుకాణంలో కెమెరా కోసం పెట్టించుకున్న నెట్టది. కెమెరాకు తీగ ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఆయనకు తేడా తెలియలేదు. నా బాక్సుకు తీగ పెట్టే చోటు ఎప్పుడో విరిగిపోయింది, దానికి గాలిలో వచ్చే సిగ్నలే దిక్కు. ఆ గాలిని ఈయన ఇనప గోడల మధ్య బిగించేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"బయట పెట్టండి పెదనాన్నా, దర్జీ ఏ పాపం ఎరగడు."

"కుదరదు. దాని వెనక ఒక చిన్న మీట ఉంది. చెయ్యి అందితే చాలు, ఎవడైనా నొక్కి పాస్‌వర్డ్ లేకుండానే దూరిపోతాడు. చెయ్యి అందేచోట ఉన్నది ఏదైనా ఊడుతుంది."

ఇంతలో అమ్మ ఫోను. స్పీకరు పెట్టాను.

"నేను పక్కకొచ్చిన ప్రతిసారీ అక్క వెళ్ళిపోతోంది," అంది అమ్మ. "నీ తెర మీద ఏముందో గానీ నాకు మాత్రం 'మైకక్క ఆట వదిలి వెళ్ళింది' అని పడుతోంది. ఆయన లాగేస్తున్నాడా, అక్కకే ఇష్టం లేదా? ఇంకొక్కసారి వెళ్ళిపోతే ఇక నేను పిలవను. ఫోనుకూ పిలవను, ఆటకూ పిలవను." పెట్టేసింది.

నేను పెదనాన్న మీదికి వెళ్ళాను. "ఎందుకిలా కట్టేస్తున్నారు ఆవిణ్ణి? సొంత చెల్లెలితో మాట్లాడితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన ఫోను వైపు చూసి, అది నిజంగా ఆగిందో లేదో చూసుకున్నాడు.

పెద్దమ్మ కుర్చీ చేతి మీద గట్టిగా కొట్టింది.

"ఆ... యన... కాదు," అంది. నాలుక మందంగా తిరుగుతోంది, ప్రతి అక్షరం బరువు మోసుకుంటూ వస్తోంది. "నే... నే."

ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

"మాట సరిగా రావడం లేదమ్మా," అన్నాడు పెదనాన్న, నేల చూస్తూ. "చెల్లెలు వినకూడదంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది."

"అమ్మ మిమ్మల్ని అన్నేసి మాటలంటుంటే పడి ఊరుకున్నారా?"

"దాచమని నా చేతికిచ్చింది. ఇచ్చినదాన్ని ఊరంతా పంచుతానా?"

ఈ మనిషినా నేను అంతసేపూ అనుమానించింది అని సిగ్గేసింది. పెద్దమ్మ చెయ్యి చాపింది. "తా... ళం."

ఆయన మొలతాడుకున్న చెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నాకిచ్చింది. చెవి దూర్చి తిప్పితే కదల్లేదు. పెదనాన్న నా చెవి దగ్గరికి వంగి, ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నా గుసగుసగా చెప్పాడు, "ముందు వెనక్కి సగం తిప్పు." బీరువా తెరుచుకుంది. మడత పెట్టిన చీరల మధ్య డబ్బా దీపాలు మిణుకుమంటున్నాయి. దాన్ని అక్కడే ఉంచి తలుపులు రెండూ బార్లా తీశాను. చెవి తెచ్చి పెద్దమ్మకిచ్చాను.

ఈసారి కనెక్షన్ నిలబడింది. పెద్దమ్మ తలకు హెడ్‌ఫోను పెట్టాను, అమ్మ గొంతు గదిలో అందరికీ వినపడేలా టీవీకి పెట్టాను. మైకు ఎర్ర దీపం వెలుగుతోందో లేదో పెదనాన్న వంగి చూసుకున్నాడు.

మొదటి మలుపు దాటారు, రెండోది దాటారు. పెద్దమ్మ కారు ముందుంది. గెలుపు గీత ఇక కనపడుతోందనగా అమ్మ కారు అడ్డదారిన గడ్డిలోంచి దూసుకొచ్చి పెద్దమ్మ కారును డొక్కలో గుద్దింది. పెద్దమ్మ కారు పల్టీ కొట్టింది. అమ్మ ముందు గీత దాటి "నేనే గెలిచా!" అని అరిచింది.

పెద్దమ్మ చెయ్యి చెంప దగ్గరికి వెళ్ళింది. మైకు మీట నొక్కింది. ఎర్ర దీపం ఆరిపోయింది. పెదనాన్న ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

"తొం... డి... ము... ఖమా," అంది పెద్దమ్మ.

అటువైపు ఏ శబ్దమూ లేదు. అమ్మ ఆట వదిలి వెళ్ళిపోయిందేమోనని నేను తెర వైపు చూశాను. పొట్టి కారు అక్కడే ఉంది. అమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"ఓడిపోయి తిట్లా?" అంది అమ్మ. "ఇంకో ఆట పెట్టవే, చూద్దాం."

పెదనాన్న దుకాణంలోంచి స్టూలు తెచ్చుకుని, తెరిచిన బీరువా ముందు కాపలా కూర్చున్నాడు, మాకు వీపు చూపిస్తూ. తాళంచెవి మాత్రం పెద్దమ్మ ఒళ్ళోనే ఉంది.