సంస్థ పేరు లేని సిఫారసు

మొన్న మా సారు పోయారు. గుండెపోటు. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా ఊరు ఎంకపల్లికి వస్తూ, మొయినాబాద్ దగ్గర నేను చదివిన కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీని బస్సు కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను. "మా ప్రియతమ అధ్యాపకునికి అశ్రునివాళి" అని రాసి ఉంది. సారు ఫొటో కంటే యాజమాన్యం ఫొటోలే పెద్దవి. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఎందుకో చెబుతాను. భూమి లోపల నీళ్లు ఎటు కదులుతాయో కంప్యూటర్ మీద లెక్కగట్టడం నాకు నేర్పింది ఆయనే. పీహెచ్‌డీ చేసుకుంటానని ఆయన రెండుసార్లు సెలవు అడిగితే కాలేజీ ఇవ్వలేదు. తర్వాత పీహెచ్‌డీ లేదని అదే కాలేజీ తీసేసింది.

మాలాంటి వాళ్లకు పీహెచ్‌డీ సీటు ఎలా వెతకాలో కూడా తెలియదు. నేను ఒకే ఉత్తరాన్ని అరవై మంది ప్రొఫెసర్లకు పంపాను. అందులో ఒకాయనకు ఇంకొకాయన పేరుతోనే వెళ్లింది. అది చూసి సారు నెత్తి పట్టుకున్నారు.

"పెండ్లి కార్డులు పంచుతున్నవా బిడ్డా? ఒక్కని రీసెర్చ్ పేపర్ చదువు. అండ్ల ఉన్న కోడ్ నువ్వు నడిపియ్యి. యాడ ఆగిందో గది రాయి. జవాబు ఎట్ల రాదో చూస్త."

మూడు వారాలు కూర్చుని అలాగే చేశాను. ఆ పేపర్ రాసిన ప్రొఫెసర్ నుంచి జవాబు వచ్చింది, దరఖాస్తు పెట్టమని.

కానీ అప్పటికే సారు ఉద్యోగం పోయింది. సిఫారసు లేఖ కాలేజీ మెయిల్ నుంచి వస్తేనే దరఖాస్తు వెబ్‌సైట్ తీసుకుంటుంది. తన పాత మెయిల్ ఒక్క రోజు తెరవమని అడగడానికి సారు నాతో పాటు కాలేజీకి వచ్చారు. గేటు దగ్గర బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టి, కుదరదన్నారు. నేను లొల్లి పెట్టబోతే ఆయనే ఆపారు. "నీకు సీటు కావాల్నా, కొట్లాట కావాల్నా? జర ఆగు." ఆ ఓర్పు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కసారి అరిచి ఉండాల్సింది సారూ.

ఇంటికెళ్లి సొంత మెయిల్ నుంచే నేరుగా ఆ ప్రొఫెసర్‌కు లేఖ పంపారు, నాకూ ఒక కాపీ పెట్టారు. నాలుగో రోజు ప్రొఫెసర్ ఫోన్ చేసేసరికి సారు చేవెళ్ల మార్కెట్‌లో ఉన్నారు. ఉద్యోగం పోయాక తన ఊరు సురంగల్‌లో సొంత చేనే చేసుకునేవారు. క్యారెట్ బస్తాల మధ్య నిలబడి, చుట్టూ బేరాల అరుపులకు ఒక చెవి మూసుకుని, నా కోడ్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. నాకు సీటు వచ్చింది. కాలేజీ తన కరపత్రం మీద నా ఫొటో వేసుకుంది.

ఇప్పుడు పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మూడు సిఫారసులు కావాలి, గడువు ఈ శుక్రవారమే. మూడోది తానే ఇస్తానన్నారు సారు. నిన్న కాలేజీలో పెట్టిన సంతాప సభలో ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచి, "ఫికర్ చెయ్యకమ్మా, లెటర్ నువ్వే రాసుకొని తీసుకరా, నేను సంతకం పెడ్త" అన్నారు. మా దగ్గర సిఫారసులన్నీ ఇలాగే పుడతాయి. సారు ఒక్కరికీ అలా ఇవ్వలేదు. "నీ గురించి నువ్వే రాసుకుంటే అది సిఫారసు ఎట్లయితది?" అనేవారు. ఆ మాటే ప్రిన్సిపాల్ ముఖం మీద అనేసి వచ్చాను.

దరఖాస్తులో మూడో సిఫారసు గడిలో సారు పాత లేఖనే పెట్టాను, ఆయన పోయారని పక్కన రాసి. చెల్లదంటే చెల్లదననీ. సంస్థ పేరు ఉండాల్సిన చోట ఆయన రాసింది ఇంతే: "ప్రస్తుతం నాకు ఏ సంస్థా లేదు. ఈ అమ్మాయి పని నాకు తెలుసు. ఫోన్ చేయండి, చెబుతాను."

దాని కింద ఆయన నంబరు ఉంది.